పద్నాలుగో టిక్కు

షార్జా, సజ్జా క్యాంపుల తెల్లారుడంటే
సూర్యుడు కాదు, నా హయేస్ బండి హారను.
నాలుగుంబావుకు ఇంజను వేడిచేసి
అద్దం వెనక్కి తిప్పి కూసుంట.
ముఖాలు చూడ. చప్పుళ్లు లెక్కవెడ్త.
టిక్కు. టిక్కు. బెల్టు తాళం పడ్డ చప్పుడు.
పద్నాలుగు మంది, పద్నాలుగు టిక్కులు.
ఒక్కటి తక్కువైతే నాలుగొందల దిర్హాములు
నా జీతంలకెళ్లి తెగుతయి.
అందుకే, చట్టమంటే ప్రేమున్నోడు అనుకోకుండ్రి నన్ను.

రాత్రి రూముల మాత్రం రోజూ పంచాయితే.
భూమేశు డెలివరీ బైకు నడుపుతడు.
హెల్మెట్ తీసి మంచం కోడుకు తగిలిస్తడు
ఎసరు గిన్నె మీది మూత తీసినట్టు
నెత్తిలకెళ్లి ఆవిరి.
"నలభై ఎనిమిది డిగ్రీలల్ల
లోపల నా మెదడు గంజి వార్చుకుంటున్నది.
ఎవని తల? నాది.
పడితే పగిలేదెవనిది? నాదే.
నడుమ సర్కారుకేం నొప్పి?
ఇరవై మూడు నిమిషాలల్ల బిర్యాని చేర్చుమనే ఫోనుకు
జుర్మానా ఎవడేస్తడు?"

బుచ్చిలింగం మేస్త్రి
ఉల్లిగడ్డ కోసుడు ఆపకుండనే అన్నడు:
"నీ తల నీదెట్లయితదిర?
సగం ఏజెంటు కాడ తాకట్టున్నది,
పావు సంఘం లోనుల ఉన్నది,
మిగిలిన పావుల నీ బిడ్డ బడి ఫీజున్నది.
కిరాయి ఇల్లురా అది.
కూలగొట్టే హక్కు నీకు లేదు."

పై మంచం మీదికెళ్లి ఓదేలు,
కూరల ఉప్పు తక్కువైనా సర్కారునే తిట్టేటోడు,
"తలరాత అని ఒకటున్నది గద,
ప్లాస్టిక్ డిప్ప దాన్నేం ఆపుతది?
బెల్టులు కట్టి మేకలోలె తోలుతున్నరు మనల.
నా పాణం, నా ఇష్టం."
"మా రాత చెమటకు ఎప్పుడో అలుక్కపోయింది తియ్యె,"
అని భూమేశు దుప్పటి కప్పుకున్నడు.

గుల్ జమాన్‌కు తెలుగు రాదు.
గదుమ పైకెత్తి చూపెట్టిండు,
చెవి దాక కుట్ల గీత.
హెల్మెట్ ఉన్నందుకు గంతే అయిందో
లేనందుకు గంత అయిందో
ఎవ్వరం అడగలే.

కని ఒక సంగతి చెప్పాలె.
వెనక వరుసల కిటికీ పక్క సీటు,
దాని బెల్టు తాళం రంజాన్ నెలల విరిగింది.
క్యాంపు బాసుకు మూడుసార్లు చెప్పిన.
"బుక్రా" అన్నడు. రేపట.
ఆ రేపుకు పెండ్లయి పిల్లలైనయి.
ఆ సీట్ల కూసున్నోడు
పట్టీని రొమ్ము మీదికెళ్లి గుంజి
కొసను చేత్తోటి పట్టుకోవాలె.
కెమెరా పట్టీని చూస్తది,
తాళాన్ని చూడదు.

ఆఖరికొచ్చినోనికి ఆ సీటు. మా రివాజు.
రాత్రి నా పాణం నా ఇష్టమన్న ఓదేలు
బూట్ల లేసులు కట్టకుండనే
అందరికన్న ముందు ఉరికొస్తడు.
మొదటి టిక్కు వానిదే.
నేను అద్దంల చూస్త, వాడు కిటికీల చూస్తడు.
పంచాయితి ఎటు తెగిందో
కాళ్లకెరికే. నోటితోటి ఎవ్వరం ఒప్పుకోం.

మొన్న కొత్త పిలగాడు దిగిండు, మణిదీప్,
ధర్మపురి దిక్కు.
ఒళ్లె పెట్టుకున్న పసుపు హెల్మెట్ మీద
స్టిక్కరు గూడ ఊడలే.
దారి తెల్వక ఆఖరికొచ్చిండు.
"అన్నా, దీనికి తాళమేది?" అన్నడు.
ఎవ్వరూ పలుకలే.
ఓదేలు వంగి
ముడి ఉన్న లేసుకే మళ్ల ముడేసుకున్నడు.

లెక్కవెట్టిన. పదమూడు.
అద్దంల వాన్నే చూసుకుంట ఆగిన.
పెద్ద రోడ్డు మీద ట్రక్కులు
ఒకదాని తోక ఒకటి పట్టుకొని పోతున్నయి.
పిలగానికి సమజైనట్టున్నది.
కొసను పిడికిట్ల బిగవట్టి
నాలుకను అంగిట్లకు కొట్టి
"టిక్కు" అన్నడు.

బండంత నవ్వింది.
నేను గూడ నవ్విన.
నవ్వుకుంటనే గేరేసిన.