ఛాతీలో గడియారం

గుణుపురం ఆసుపత్రి గోడకి ఆనుకుని నా కొట్టు.
జిరాక్సు, ఆధార్, పాస్‌పోర్టు ఫోటోలు,
రాత్రి ఎనిమిది దాటితే
గంటకి ఇరవై రూపాయల ఆట.

ఆటలో మనమే డాక్టరు.
చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది, అదీ మన మాట వినదు.
వేలికో మీట,
బొటనవేలు మడుద్దామంటే చిటికెనవేలు లేస్తుంది.
బల్ల మీద పేరులేని మనిషి
నిద్రపోతుంటాడు,
మత్తుతోనో, మన మీద నమ్మకంతోనో.

మొదటి రాత్రి త్రినాథుడు సుత్తి పట్టాడు.
పక్కటెముకలు పెంకుల్లా లేచిపోయాయి.
ఊపిరితిత్తి ఒకటి జారి కిందపడింది,
రెండోది అడ్డంగా ఉందని వాడే విసిరేశాడు.
గుండె తీద్దామని చెయ్యి పెడితే
చేతి గడియారం ఊడి లోపల పడింది.
"మొరిగొలా! మొరిగొలా!" అని బిచిత్రో గంతులేశాడు,
మేం తెలుగులో ఈలలేశాం.
నవ్వి నవ్వి కుర్చీ కాలు విరిగింది.
అది త్రినాథుడి ఖాతాలో రాశాను.

తర్వాత ఎవరెవరో వచ్చారు.
కోళ్లకొట్టు దాలినాయుడు తెర ముందు నిలబడి
"కత్తి అలాగేట్రా పట్టడం, సిగ్గుండాల" అని
చెయ్యి కడుక్కోడానికి పోయాడు.
ఫార్మసీ చదివే రుక్మిణీ పాఢీ
మత్తుసూది తన చేతికే గుచ్చుకుంది,
తెరంతా వంకాయరంగు తిరిగితే
"మా కాలేజీ ప్రాక్టికల్సూ ఇంతే" అంది.
అంబులెన్సు నడిపే అప్పలస్వామికి
రెండో భాగం నచ్చింది.
అందులో ఆపరేషన్ పరిగెడుతున్న బండిలో,
గుంత వచ్చినప్పుడల్లా
పేగులూ కత్తెర్లూ వెనక తలుపులోంచి రోడ్డు మీదకి.
"ఇది ఆటేటి, మన రాయగడ రోడ్డు!"

జోగేశు ఎప్పుడూ ఆడలేదు.
వాడి చొక్కా గుండీల కింద నిలువునా ఓ కుట్టు,
ఆరేళ్లప్పుడు విశాఖలో వేసింది.
వెనక నిలబడి అందరికన్నా గట్టిగా నవ్వేవాడు,
నవ్వినంతసేపూ అరచెయ్యి ఆ గుండీల మీదే.
"నీ లోపల కూడా ఏ డాక్టరు గడియారమో ఉంటాదిరా"
అని బిచిత్రో ఏడిపించాడోసారి.
వాడు కాదనలేదు.
"రాత్రులు వినిపిస్తాది" అన్నాడు.
ఆ పూట పది నిమిషాలు
ఎవరూ ఎవర్నీ కొయ్యలేదు.

వానరాత్రి గున్నమ్మ వచ్చింది,
ఆపరేషన్ థియేటర్ ఆయా,
పింఛను కాగితం జిరాక్సుకి.
కుచ్చెళ్లు పైకి దోపుకుని, ఫినాయిల్ వాసనతో.
కాగితం తీసుకుని కూడా కదల్లేదు.
తెర మీద అప్పుడే మూడో గుండె నేలపాలైంది,
మేం పొట్టలు పట్టుకున్నాం.
"ఆ నెత్తురు ఎవులు కడుగుతారు బాబూ?"

ఎవరూ కడగక్కర్లేదమ్మా,
ఈ మీట నొక్కితే మళ్లీ మొదటికొస్తుంది, అని నొక్కి చూపించాను.
నేల తళతళలాడింది.
మనిషి కొత్తగా పడుకున్నాడు.
గున్నమ్మ ఆ మీటనే చూస్తూ
"ముప్పై ఏళ్లు. ఒక్కడూ సెప్పలేదు సూడు" అంది.

త్రినాథుడు లేచి కుర్చీ ఇచ్చాడు, విరిగిన కాలికి ఇటుక పెట్టి మరీ.
ఆవిడ రోగిని ముట్టుకోలేదు.
దొర్లిన కాఫీ కప్పు నిలబెట్టింది.
ట్రేలో కత్తులన్నీ ఒకే వైపు తిప్పబోయి
కత్తెర కిందపడేసింది.
తియ్యడానికి వంగింది, తెర ముందు నిజంగానే వంగింది.
ఆ ఆటలో చెయ్యి నేలకి అందదు.
బల్ల అంచు దగ్గర
ఆ వేళ్లు గాలిని తడుముతూ, తడుముతూ,
టైమైపోయింది.

ఎర్ర అక్షరాల్లో ఓడిపోయారని వచ్చింది.
బల్ల మీదాయన ఇంకా గురక పెడుతూనే ఉన్నాడు.
"జిరాక్సుకి ఎంత?"
రెండు రూపాయలు. ఆటకి తీసుకోలేదు.

మూడో భాగం వస్తుందట.
కొత్త రంపాలున్నాయా అని త్రినాథుడు,
ఈసారన్నా రోడ్డేశారా అని అప్పలస్వామి.
నేను కొంటాను ఎలాగూ, నా పొట్టకూడు అది.
పెట్టగానే ముందు
కత్తెర కింద పడేసి చూస్తాను.