ముప్పై రెండో కిటికీ

వ్లిసింగెన్ రేవులో, ఉప్పుగాలికి ఉబ్బి
తలుపు మూతపడని ఆ గదిలో
నా పని రంగులు నూరడం.
తుఫాను సముద్రానికి ఏడు దినుసులు కావాలి:
సీసపు తెలుపు, గాజుపొడి నీలం, ఎముకబొగ్గు...
తక్కినవి చెప్పను. అవి వౌటర్ గారి కూటి రహస్యం.

మూడు యుద్ధనౌకలు. నడిమిది ఒక పక్కకి ఒరిగి
అలను కొమ్ముతో కుమ్ముతోంది.
తెరచాపలు తూర్పుకి పొంగుతుంటే
జెండా మాత్రం పడమటికి ఎగురుతోంది.
గాలి రెండు వైపులా వీస్తుందా అని అడిగాను.
"నౌకాశాఖ వారి సింహం కనబడాలి" అన్నారాయన,
కుంచె పళ్ళ మధ్య పెట్టుకుని.

హెర్రింగ్ చేపలమ్మే తన్నెకె
పెరటి గుమ్మంలో బుట్ట దించి లోపలికి చూసింది.
అలల్ని చూడలేదు, ఆకాశాన్ని మెచ్చుకోలేదు.
చేపల్ని లెక్కపెట్టినట్టు
గాలిలో వేలితో జతలు జతలుగా లెక్కపెట్టింది.
"కింది వరస కిటికీలన్నీ తెరిచే ఉన్నాయేం?
ఇంత సముద్రంలో ఎవడు తెరుస్తాడయ్యా?
నీళ్ళు రావూ?"

వౌటర్ గారు వెనుదిరగలేదు.
"ఫిరంగికింత అని ఇస్తున్నారు.
మూస్తే ఫిరంగి కనబడదు."

ఆమె సరేనంది.
ఆ రోజు బేరమాడలేదు, ఒక చేప ఎక్కువే వేసింది.
పోతూ పోతూ నాతో, పొరుగింటి కబురు చెప్పినట్టు:
"మా బార్తెల్‌ది ఎడమ చివరి ఫిరంగి.
కిటికీ గొళ్ళెం తుప్పు పట్టిందని
చలికాలమంతా చెబుతూనే ఉన్నాడు."

ఆ రాత్రి కొవ్వొత్తి పట్టుకుని దగ్గరికి వెళ్ళాను.
కుంచె పట్టడం నాకు రాదు.
ఎముకబొగ్గు, అవిసె నూనె, ఒక్క చుక్క.
చూపుడు వేలితో అద్దాను.

నౌకాశాఖ గుమాస్తా లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి.
మళ్ళీ లెక్కపెట్టాడు.
ఒక ఫిరంగి డబ్బు తగ్గించాడు.
వౌటర్ గారు నా వేలి వంక చూసి
అది నా జీతంలో కోశారు.
ఆ నలుపుని మాత్రం గీకలేదు.

ఇప్పుడది సభాభవనంలో, పొయ్యికి ఎదురుగోడ మీద.
విందుల్లో పెద్దలు దాని కింద కూచుని
తుఫాను ఎంత బాగుందో అనుకుంటారు.
గిన్నెలు తోమడానికి పిలిచినప్పుడు నేనూ చూస్తాను.
ముప్పై ఒక్క కిటికీల్లోంచి
ఇరవై ఏళ్ళుగా నీళ్ళు లోపలికి వస్తూనే ఉన్నాయి.
ఓడ మునగదు. ఒరిగి, అలాగే ఉంటుంది.

దగ్గరికి వెళ్తే వేలిముద్ర కనబడుతుంది.
ఎవరూ అంత దగ్గరికి వెళ్ళరు.

తన్నెకె ఒక్కసారి వచ్చింది, బుట్టతోనే.
చూపు ఆనక, గుమ్మంలోంచే అడిగింది:
"గొళ్ళెం పడిందా?"
పడిందన్నాను.