ఫుట్ వాల్వు

కళ్యాణదుర్గం రోడ్డులో నా షాపుకు
బావుల్లోంచి, బోర్లలోంచి ఊడదీసిన మోటార్లొస్తాయి.
తుప్పు చూసి చెప్తాను ఎన్నేళ్ళదో.

నాది ఇరవై ఆరేళ్ళ రిపేరు.
ఐదేళ్ళప్పుడు, నేరేడుపండ్లు తిన్నట్టు నల్లబడిన పెదాలతో
పది అడుగులేసి గొంతుక్కూచునేవాణ్ణంట.
కోసినారు, కుట్టినారు.
"ఇంగ మావోనికి ఏం భయం లే" అని
మాయమ్మ వీధంతా బొరుగులు పంచింది.
ఆ మాట నమ్మి
గుత్తి కోట ఎక్కినా, కబడ్డీ ఆడినా.
పెండ్లిచూపుల్లో మాత్రం
చొక్కా పైగుండీ పెట్టుకొనే కూచున్నా.

మొన్న శెట్టూరు దగ్గర
పైపులు లాగుతా లాగుతా
కండ్లకు చీకట్లు కమ్మినాయి.

అనంతపురంలో డాక్టరమ్మ అడిగింది,
పాత కాగితాలేవి?
బియ్యం డబ్బా అడుగున పెట్టి పోయింది మాయమ్మ.
చెదలు తిన్నంత తిని
నా పేరూ, బరువూ మిగిల్చినాయి.
పదకొండు కిలోలు.

చల్లని జిగురు పూసి
ఎద మీద ఆనించి నొక్కితే
మిషన్లో నా గుండె వినపడింది.
తోస్తాంది, జారుతాంది.
తోస్తాంది, జారుతాంది.
ఆమె నోరు తెరవకముందే తెలిసిపోయింది.
ఈ చప్పుడు వెయ్యిసార్లు విన్నదే.
ఎక్కిన నీళ్ళు ఎక్కినట్టే వెనక్కి పోతాంటే
రైతు అంటాడు,
"మోటారు బాగానే తిరుగుతాంది కదప్పా!"
తిరుగుతాది. అదే దాని ఖర్మ.

"ఇన్నేళ్ళు ఒక్కసారీ చూపించుకోలేదా?"
బాగున్నోణ్ణి కదా మేడమ్.

తిరుగు బస్సులో ఉక్కపోతకు
పైగుండీ విప్పినా.
పక్కసీటు ముసలాయన మచ్చ చూసి
ఏమీ అడగకుండా జరిగి
కిటికీ ఇచ్చినాడు.