మూడో పిన్ను

సఖినేటిపల్లి రేవులో పంటు దిగేసరికి
వరద ఎర్రగా, కుడితిలా చిక్కగా.
స్కూటరు ముందు సంచిలో మెగ్గరు, టెస్టరు,
ఆరు కొత్త ప్లగ్గులు.
ముప్పై పడకల ఆసుపత్రి. మిషన్లు చూసేవాడొస్తే
ఎవరూ కుర్చీలోంచి లేవరు.

సక్షన్ మిషను తీగకి తెల్ల ప్లాస్టరు చుట్టి ఉంది,
తెగిన వేలికి చుట్టినట్టే, చివర పొందిగ్గా మడిచి.
ఎవరు కట్టారండీ ఈ కట్టు అంటే
నూకరాజు నేల చూశాడు.
రక్తం ఆపడం తెలిసిన ప్లాస్టరది,
కరెంటుకి అడ్డం పడ్డం దానికెవరూ నేర్పలేదు.
మంచం చక్రం కింద నలిగినది ఒకటి.
మెడ దగ్గర తెగినవి మూడు.
ప్లగ్గు పట్టుకు లాగమంటే తీగ పట్టుకు లాగుతారు,
ఎలకని తోక పట్టుకు లాగినట్టు.

సువార్తమ్మ సిస్టరు పిలిచింది, పురిటిగది పక్కకి.
"ఆయ్, వార్మరు ముట్టుకుంటే జిల్లుమంటందండి.
తడిచెయ్యయితే మరీను.
చెప్పులేసుకునే ముట్టుకుంటన్నాం."
మేకుకి వేలాడుతున్నాయి రబ్బరు చెప్పులు,
అందరికీ ఒకటే జత.

లోపల కొపనాతి నాగమణి బిడ్డ,
కేజీ తొమ్మిదొందలు.
దానికి చెప్పుల్లేవు.

బిడ్డని తల్లి రొమ్ముకి చేర్చి కట్టమని
ప్లగ్గు ఊడదీశాను.
రెండే పిన్నులు.
మూడోది, లావుది, పొడుగుది,
అందరికంటే ముందు లోపలికెళ్ళి
అందరికంటే ఆఖర్న బయటికొచ్చేది,
ముందు లేచి చివర పడుకునే ఇంటి ఆడమనిషి లాంటిది,
అది లేదు. కోసేశారు.
గోడ సాకెట్టుకి మూడు బొక్కలూ ఉన్నాయి,
పైదాంట్లో సాలీడు కాపురం.

కోత చూశాను. ఎడమకి వాలుగా ఉంది.
ఈ దరిని మిషన్లు చూసేవాళ్ళలో
పుర్రచేతివాటం ఒక్కడికే.

ఐదేళ్ళ కిందట, తుపాను రాత్రి.
కొత్త వార్మరు, పాత గోడ, రెండు బొక్కల సాకెట్టు,
బయట దగ్గుతున్న జనరేటరు,
ఎవరిదో బిడ్డ నీలంగా.
హాక్సా బ్లేడుతో పదిసార్లు రాశాను.
పొద్దున్నే మార్చేస్తానన్నాను.
బిడ్డ బతికింది. పొద్దున్న పంటు తిరగలేదు.
మర్నాడు వేరే ఊరు.

"ఇన్నేళ్ళూ ఎవరికీ ఏం కాలేదండి" అంది సిస్టరు, నన్ను ఓదార్చాలని.
రొయ్యల చెరువులో ఏరియేటరు పట్టుకున్న మా తోడల్లుడికీ
ముందురోజు వరకూ ఏం కాలేదు.
అది చెప్పలేదు. పలుగు అడిగాను.

వెనక, కొబ్బరిచెట్ల మధ్య, ఎర్తు గొయ్యి.
బొగ్గూ ఉప్పూ పొయ్యమంటుంది పుస్తకం.
ఈ మట్టికి ఉప్పు మనం పొయ్యాలా,
సముద్రం పోస్తానే ఉంది.
రాగితీగ పచ్చబడి, ముట్టుకుంటే
అప్పడంలా విరిగింది.
నేను కొయ్యకపోయినా
ఆ మూడో పిన్ను పట్టుకోడానికి
కింద భూమి చెయ్యి లేదు.
అందులో నాకు ఊరట ఏమీ దొరకలేదు.

చీకటి పడేదాకా కొత్త రేకు, కొత్త తీగ, కొత్త ప్లగ్గు.
మీటరు సరే అంది.
అయినా చెప్పులు విప్పి, తడినేల మీద నిలబడి,
ఎడమచేత్తో వార్మరు పట్టుకున్నాను.
వెచ్చగా ఉంది. అంతే.

సువార్తమ్మ బిడ్డని తెచ్చి పడుకోబెట్టింది.
మేకు మీది చెప్పులు తీసెయ్యండి, ఇంక అక్కర్లేదన్నాను.
నా వంక చూసింది, ప్లగ్గు వంక చూసింది.
"ఓ వారం ఉండనీండి" అంది.