నూట యాభై పదాల్లో

ఫారంలో ఒక డబ్బా ఉంది.
మీ పరిశోధన అనుభవం, నూట యాభై పదాలకు మించకుండా.
చౌటుప్పల్ నెట్ సెంటర్లో గంటకు ముప్పై రూపాయలు.
కర్సరు మిణుకుమిణుకుమంటూ నా వంకే చూస్తున్నది.

ఏం రాయను?
పుట్టపాకలో ఆముదపు కాయల బూడిద నానబెట్టిన కుండ ముందు
ఇరవై ఒక్క రోజులు గొంతుకూర్చున్నాను.
కాలేజీ ల్యాబులో సంతకం పెట్టి తెచ్చిన పీహెచ్ మీటరు
పొద్దుగాల ఓసారి, మాపటికి ఓసారి ముంచాను.
వీరమల్లు తాత ఆ మీటరు దిక్కే చూడలేదు.
చిటికెన వేలు ముంచి నాలుక మీద రాసుకొని
"ఇయ్యాల కొరుకుతున్నది. రేపు సూద్దాం" అన్నాడు.
మీటరు పన్నెండు పాయింట్ ఒకటి అన్నది.
రెండూ రాశాను, పక్కపక్కన.
నూనెలో నానిన నూలు వాసన నా జడలోకి ఎక్కింది,
బస్సులో నా పక్క సీటు ఖాళీగానే వచ్చేది.

ఉపేందర్ సార్ ఫోన్ చేశాడు.
"కనిపెట్టాను అని రాయి. నాయకత్వం వహించాను అని రాయి.
పెద్ద మాటలుంటేనే ఆగి చదువుతరు."
రాసి చూశాను.
బూడిద జల్లెడ పట్టింది అత్త, కళ్లు ఎర్రబడింది అత్తకు.
తెర మీద 'కనిపెట్టాను'
పాత రుమాలుకు అంటించిన కొత్త ధర చీటీలా ఉంది.
గోటితో గీకినట్టు ఒక్కో అక్షరం తీసేశాను.

పద్నాలుగో రోజు మీటరు బ్యాటరీ అయిపోయింది.
ఆ సైజుది నారాయణపురంలో లేదు,
ఇక్కడ దొరికేసరికి మూడు రోజులు.
ఆ గడులు ఖాళీగా వదలబోతే తాత నవ్విండు.
"నా నాలుకకు బ్యాటరీ అక్కర్లేదు బిడ్డా, రాస్కో."
కొరుకుతున్నది.
జర తగ్గింది.
నూనె పోయొచ్చు.
పదిహేడున మీటరు లేచి అదే మాట అన్నది.
పద్దెనిమిదిన మాత్రం ఇద్దరికీ పడలేదు.
తప్పు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు.

పరికరాలు: మీటరు ఒకటి, నాలుక ఒకటి.
తెలియనిది: పద్దెనిమిదో రోజు.
మార్గదర్శి విద్యార్హత అని ఇంకో గడి,
నొక్కితే డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ, ఇతరములు.
ఇతరములు మీద వేలు పెట్టాను, మనసొప్పక తీశాను, మళ్లీ పెట్టాను.

నూట నలభై ఎనిమిది అయ్యాయి.
తాత ఇంటిపేరుకు, పేరుకు చోటుంది.

కౌంటరు దగ్గరి పిల్లగాడు గోడ గడియారం చూపించాడు.
ఇంకో ముప్పై బల్ల మీద పెట్టి
పద్దెనిమిదో రోజు పేజీ మళ్లీ తెరిచాను.