పద్దెనిమిదో పురుగు

ఎంగురి నది ఒడ్డున హేజెల్‌నట్ తోటలో
కర్రకు కట్టిన పసుపు డబ్బా.
లోపల జిగురు అట్ట, రెప్ప లేని కన్ను,
పురుగును పురుగే పిలిచినట్టుండే దొంగ వాసన.

తెల్లారి ఐదింటికి జుజునా దిండు కింద
ఫోను వణుకుతుంది:
పదకొండు.
నిన్న తొమ్మిది, మొన్న నాలుగు.
పద్దెనిమిదైతేనే మందు, అన్నాడు మీసాలు రాని ఆఫీసరు,
అందాకా చేతులు కట్టుకొమ్మన్నాడు.

కట్టుకుంటాయా చేతులు?
ఆ ఏడు కర్టెన్ల మడతల్లో, గడియారం వెనక,
చలికాలం కోటు జేబుల్లో కూడా అవే.
నలిపితే ముదిరిన కొత్తిమీర కంపు.
కాయ పగలగొడితే గింజకు బదులు నల్లటి ముడుత.
పక్కవాళ్ళు కొట్టారని కొట్టింది,
వాన ముందు కొట్టింది, వెలిశాక మళ్ళీ కొట్టింది.
బేసో తేనెపెట్టెలు ఆ వేసవిలోనే మూగపోయాయి.
ఇప్పటికీ అతను కంచె దగ్గర ఆగడు.

ఈ ఉదయం
పద్దెనిమిది.

చెప్పులేసుకుంది. పంపు కడిగే ఉంది.
గుమ్మంలో నిలబడి బొమ్మ పెద్దది చేసింది.
పదిహేడు, సరే, డాలు వీపులు.
మూలన ఎర్ర గడిలో మాత్రం
నిన్న అట్ట మారుస్తూ అడ్డంపడ్డ
తన బొటనవేలు.

"ఇది పురుగేనా?"
అవును. కాదు.

కాఫీ పొంగి పొయ్యి ఆరిపోయేదాకా నవ్వింది.
తర్వాత నవ్వు ఆగింది.
అవునంటే అడిగేవాడు లేడు.

గోరులో జిగురు ఇంకా వదల్లేదు.
ఆ వేలితోనే కాదు నొక్కి,
పంపు మూత బిగించి,
పొయ్యి తుడవడానికి గుడ్డ వెతుక్కుంది.