నాలుగో మూల

ఆయుధపూజ మరుసటి పొద్దున
గ్రీంస్‌పేట సందు మలుపులో
ఎవరి లారీకో దిష్టి తీసి కొట్టిన బూడిదగుమ్మడి
మా ఏకాంబరం స్కూటర్ కిందికి వచ్చింది.
కుంకుమ పూసుకున్న గుజ్జు మీద
చక్రం ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు.
ఎవరి దిష్టి ఎవరికి తగలాలో
పగిలిన కాయకేం తెలుసు.

మోకాలి చిప్పకు మూడు స్క్రూలు.
అప్పటి నించి గల్లాపెట్టె దగ్గర
స్టూలు మీద కాలు చాపుకొని
బ్రెడ్డు లెక్కలు రాసే మనిషి
గుమ్మడి అనే మాట చెవిన పడితే
పెన్నుకు మూత పెట్టేస్తాడు.
సాంబారులో ముక్క తగిలితే
ప్లేటు అంచుకు నెట్టి
కోర్టులో సాక్షిని చూసినట్టు చూస్తాడు.

అట్లాంటి కొట్టుకు
పంకజాక్షమ్మ తోట నించి
ఆటో వెనక సీట్లో, మనిషి మాదిరి కూర్చొని
పద్నాలుగు కిలోల తియ్యగుమ్మడి వచ్చింది,
మనవడి పుట్టినరోజు కేకు బాకీ కింద జమ.
"ఇది ఆ జాతి కాదులే మే," అనింది ఆమె.
"అది బూడిద పూసుకున్న సన్నాసి,
ఇది పసుపు రాసుకున్న ముత్తైదువ."
ఏకాంబరం పెన్నుకు మూత పెట్టినాడు.

కార్తీకం ముసురు.
బన్నులు దిగి, రస్కులు ఎండినాక కూడా
మా పాత భట్టీలో రోంత వేడి మిగిలుంటుంది.
బంగారుపాళెంలో పీకేసిన మామిడితోపు మొద్దులు,
కాయడం మానేసినా కాగడం మానని కట్టె.
ఆ వేడిని ఊరికే పోనీయడం నాకు చేతకాదు,
మా అమ్మకు గంజి పారబోయడం చేతకానట్టు.

కత్తి సగంలో ఇరుక్కుంది.
సులేమాను పీట ఎక్కి నొక్కితే
టప్పుమని రెండయింది.
మూడు రోజులుగా మబ్బు మింగిన ఎండంతా
లోపల దాక్కోనుండాది.

మండీలో తెచ్చిన నల్లబెల్లం కరిగించి వడగడితే
ఇసుక రెండు పలుకులు, చెరుకుపీచు, ఒక చీమ.
శొంఠి దంచితే ఇద్దరికీ తుమ్ములు.
లవంగాలు నాలుగు, దాల్చినచెక్క గోరంత,
జాజికాయ మాత్రం
చంటిబిడ్డకు అరగదీసినట్టు మూడే చుట్లు.
గుజ్జూ పిండీ కలిపి ట్రేలో సర్ది, పైన దాని గింజలే చల్లి
భట్టీ నోట్లో చెయ్యి పెట్టి చూసినాను.
పది లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగితే
అదే సరైన వేడి.

ముందు బెల్లం పోయింది వీధిలోకి,
దాని కొంగు పట్టుకొని శొంఠి.
బస్సు కోసం మా చూరు కింద నిలబడిన ముసలామె
ముక్కు ఎగబీల్చి అడిగింది:
"ఎవురు మే, నీళ్ళాడింది?"
"మా భట్టీ" అన్నాను.
బిళ్ళ ఒకటి ఇస్తే కొంగున కట్టుకొని పోయింది,
తినిందో లేదో నాకు తెలీదు.

సాయంత్రం దాకా అమ్ముడుపోయినవి తొమ్మిది.
"దిష్టి తీసిందా, తీయందా?" అని నవ్వినోడు
దిల్‌పసంద్ కొనుక్కున్నాడు.
మిగతావాటి మీద తడిగుడ్డ కప్పి పడుకున్నాను.
నడిరాత్రి ఎక్కడో టక్, టక్.
చూరు నీళ్ళనుకున్నాను.

తెల్లారి గుడ్డ తీస్తే
ట్రేకు మూడే మూలలు.
నాలుగోది, అంచు రెండు పక్కలా మాడి
పాకం గట్టిపడిన ముక్క, లేదు.
సులేమాను అల్లా మీద ఒట్టేసినాడు.
పిల్లి అయితే స్కేలు పెట్టినట్టు కోయదు.

"గుమ్మడికాయ దొంగెవరో నాకు తెలుసులే,"
అన్నాను, ట్రేతోనే మాట్లాడినట్టు.
ఏకాంబరం లెక్కలోంచి తలెత్తలేదు.
ఎడమ చెయ్యి మాత్రం
దానంతట అది భుజం మీదికి పోయి
చొక్కా మీద లేని పొడి దులిపింది.

ఆ పొద్దు
పెన్నుకు మూత పెట్టడం మరిచిపోయినాడు.